తెలుగులో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసేవారికి: మార్కప్, ఫాంటు, పేజీ అమరిక

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ పేజీని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా వరుసగా చదివేవారు చాలా తక్కువ. ఎక్కువమంది టెర్మినల్‌లో ఎర్రర్ కనిపించగానే అందులోని నాలుగు మాటలను సెర్చ్‌లో వేసి, పేజీ నడుమ ఎక్కడో దిగి, తమకు కావలసిన కమాండును కాపీ చేసుకుని, అది పనిచేస్తే అటునుంచి అటే వెళ్ళిపోతారు. వారు తొందరలో ఉంటారు, కొంత చికాకులో కూడా ఉంటారు. టైపు చేయవలసింది ఏది, కంప్యూటర్ ఇచ్చే జవాబు ఏది, తమ వివరాలతో మార్చుకోవలసిన భాగం ఏది అన్న మూడు సంగతులూ వారికి చూడగానే తెలియాలి. మార్కప్‌లోనూ (పాఠంలో ఏ ముక్క ఏమిటో టూలుకు చెప్పే గుర్తుల్లోనూ) పేజీ అమరికలోనూ మనం చేసే ప్రతి ఎంపికకూ ఇదే గీటురాయి.

తెలుగులో రాసేవారికి దీనితోపాటు మరో చిక్కు ఉంది. వివరణ తెలుగులో ఉంటుంది, కమాండ్లు ఇంగ్లిషులో ఉంటాయి, రెండూ ఒకే వాక్యంలో కలిసి నడవాలి. మనం వాడే మార్కప్ భాషలూ, పేజీకి రూపమిచ్చే థీములూ చాలావరకు లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కాబట్టి, వాటిని వచ్చినవి వచ్చినట్టు వాడితే ఒత్తులు కింది పంక్తికి తగులుతాయి, విభక్తులు మార్కప్‌ను చెడగొడతాయి, శీర్షికల లింకులు విరిగిపోతాయి. ఒక చిన్న కమాండ్‌లైన్ టూలుకు తెలుగులో వాడుక గైడు తయారుచేస్తున్నామనుకుని, ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ట్యాగును అర్థాన్ని బట్టి ఎంచుకోవడం

చాలా పేజీల్లో కమాండు పేరూ, ఫైలు పేరూ, నొక్కవలసిన బటనూ, గట్టిగా చెప్పదలచుకున్న మాటా అన్నీ బొద్దు అక్షరాల్లోనే ఉంటాయి. రాసినవారికి తేడా తెలుసు, చదివేవారికి తెలియదు. వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో ఈ తేడాను చూపడానికే నాలుగు ట్యాగులు ఉన్నాయి. కమాండు, ఫైలు పేరు, ఫంక్షన్ పేరు వంటివాటికి కోడ్ ట్యాగు, కీబోర్డుపై నొక్కవలసిన మీటలకు కేబీడీ ట్యాగు, ప్రోగ్రాము తెరపై చూపే జవాబుకు శాంప్ ట్యాగు, పాఠకుడు తన వివరాలతో మార్చుకోవలసిన భాగానికి వార్ ట్యాగు వాడాలి. ఒకసారి ఇలా గుర్తించి పెట్టుకుంటే, ఏది ఏ రంగులో, ఏ ఫాంటులో కనిపించాలన్నది పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్‌షీట్‌లో ఒక్కచోట నిర్ణయించవచ్చు, రెండేళ్ళ తర్వాత థీమ్ మార్చినా మూలంలో ఒక్క అక్షరం ముట్టుకోనవసరం ఉండదు.

ఇందులో ఇంకో మేలు ఉంది. ఇంగ్లిషు పేజీని బ్రౌజర్ అనువాదంతో తెలుగులో చదివేవారూ, మన తెలుగు పేజీని మరో భాషలోకి మార్చుకుని చదివేవారూ ఉంటారు. అనువాద యంత్రం కమాండును కూడా మామూలు మాటగా భావించి మార్చేస్తే ఆ పేజీ ఎందుకూ కొరగాదు. కోడ్ ట్యాగుకు ట్రాన్స్‌లేట్ అనే యాట్రిబ్యూట్ (ట్యాగులో రాసే అదనపు వివరం) ఇచ్చి దాని విలువను నో అని పెడితే ఆ భాగాన్ని అనువదించవద్దని చెప్పినట్టవుతుంది. డాక్యుమెంటేషన్ పేజీలను తయారుచేసే స్ఫింక్స్ వంటి టూళ్ళు కోడ్ భాగాలకు నోట్రాన్స్‌లేట్ అనే క్లాసును వాటంతట అవే జోడిస్తాయి. మిగతా టూళ్ళలో టెంప్లేటులో మనమే చేర్చుకోవాలి. అలాగే పేజీ మొత్తానికి ల్యాంగ్ యాట్రిబ్యూట్ విలువను తెలుగుకు కేటాయించిన టీఈ అనే రెండక్షరాల సంకేతంగా ఇవ్వాలి. పూర్తి ఇంగ్లిషు వాక్యం ఎక్కడైనా వస్తే దానికి విడిగా ఈఎన్ అని ఇవ్వాలి. తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో తేల్చుకునేది దీన్ని బట్టే.

పాఠకుడు మార్చుకోవలసిన భాగం గురించి నాకు బాగా నచ్చిన ఒక పద్ధతి చెబుతాను. ఇంగ్లిషు డాక్యుమెంటేషన్‌లో ఫైలు పేరు రావలసిన చోట కోణాకార బ్రాకెట్లలో ఇంగ్లిషు మాట పెడతారు, కొత్తవారు కొందరు ఆ బ్రాకెట్లతో సహా టైపు చేసి దెబ్బతింటారు. మనకు ఆ ఇబ్బంది అవసరమే లేదు. కమాండు అంతా ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నప్పుడు, మార్చవలసిన చోట మాత్రం "మీ-ఫైలు-పేరు" అని తెలుగు లిపిలోనే రాస్తే, అది కమాండులో భాగం కాదని మొదటిసారి చదివేవారికి కూడా ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని వార్ ట్యాగులో ఉంచి, కమాండు కిందనే ఒక వాక్యంలో అక్కడ ఏమి రాయాలో చెబితే చాలు.

విభక్తులు మార్కప్‌ను ఎలా చెడగొడతాయి

నేరుగా హెచ్‌టీఎంఎల్‌లో రాసేవారు ఇప్పుడు అరుదు. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన మార్క్‌డౌన్‌లోనో, పైథాన్ డాక్యుమెంటేషన్ వాడే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లోనో, ఆస్కీడాక్‌లోనో రాసి, టూలు చేత పేజీలు తయారుచేయిస్తారు. మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది గైడు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పది పేజీల లోపు గైడుకు మార్క్‌డౌన్ చాలు. పేజీల మధ్య పరస్పర లింకులు, పదసూచిక, వెర్షన్లు అవసరమైతే స్ఫింక్స్‌తో రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ మేలు. కానీ తెలుగులో రాసేవారు ఈ ఎంపికకు ముందు మరొక విషయం తెలుసుకోవాలి.

తెలుగులో విభక్తి ప్రత్యయం మాటకు అంటుకుని వస్తుంది. ఇంగ్లిషులో కమాండు పేరుకు ముందూ వెనుకా ఖాళీ ఉంటుంది, మనకు మాత్రం కమాండు పేరు ముగిసిన వెంటనే "ను", "లో", "తో", "కు" వచ్చి తగులుకుంటాయి. మార్కప్ భాషలు సరిగ్గా ఇక్కడే తడబడతాయి. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో జంట బ్యాక్‌టిక్‌ల (` గుర్తుల) మధ్య కోడ్ రాస్తాము, ముగింపు బ్యాక్‌టిక్‌ల తర్వాత ఖాళీగానీ విరామచిహ్నంగానీ ఉండాలన్నది దాని నియమం. గిట్ అనే కమాండును బ్యాక్‌టిక్‌లలో పెట్టి వెంటనే "ను" రాస్తే అది ముగింపును గుర్తించదు, హెచ్చరిక ఇచ్చి బ్యాక్‌టిక్‌లను పేజీలో అలాగే చూపిస్తుంది. ముగింపు బ్యాక్‌టిక్‌ల తర్వాత వెనుకకు వాలిన గీత, ఆపై ఒక ఖాళీ, ఆ తర్వాత ప్రత్యయం రాస్తే ఇది సరిపోతుంది. ఆ గీతా ఖాళీ రెండూ పేజీలో కనిపించవు.

ఆస్కీడాక్‌లో ఒంటి బ్యాక్‌టిక్‌లు విడిగా నిలిచే మాటకు మాత్రమే పనిచేస్తాయి, ప్రత్యయం తగిలితే జంట బ్యాక్‌టిక్‌లు వాడాలి. మార్క్‌డౌన్‌లో బ్యాక్‌టిక్‌లకు ఈ ఇబ్బంది లేదు, బ్యాక్‌టిక్ ముగిసిన వెంటనే తెలుగు అక్షరం వచ్చినా చక్కగా పనిచేస్తుంది. అయితే ఒత్తి చెప్పడానికి అండర్‌స్కోర్ వాడేవారు జాగ్రత్తపడాలి. మార్క్‌డౌన్ నియమాలను కచ్చితంగా నిర్వచించిన కామన్‌మార్క్ ప్రకారం, మాట మధ్యలో వచ్చే అండర్‌స్కోర్ మార్కప్ కిందికి రాదు, కాబట్టి అండర్‌స్కోర్ల మధ్య రాసిన మాటకు ప్రత్యయం అంటుకుంటే అండర్‌స్కోర్లే అచ్చవుతాయి. నక్షత్రం గుర్తులు మామూలుగా పనిచేస్తాయి, కానీ లోపలి మాట బ్రాకెట్‌తోనో ఉల్లేఖన చిహ్నంతోనో ముగిసి, బయట వెంటనే తెలుగు అక్షరం ఉంటే అవీ విఫలమవుతాయి. ఫంక్షన్ పేరును బ్రాకెట్లతో సహా బొద్దుగా చూపి "ను" చేరిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. కారణం తెలియక గంటసేపు ఫైలును తిరగేసినవారిని నేను చూశాను.

ఈ కిటుకులన్నీ తెలిసి ఉండటం మంచిదే, అయినా నేను సిఫారసు చేసేది మరొకటి. ప్రత్యయాన్ని కోడుకు తగిలించకుండా, మధ్యలో ఒక తెలుగు నామవాచకాన్ని ఉంచండి. "ఫలానా కమాండును నడపండి", "ఫలానా ఫైలులో రాయండి", "ఫలానా ఫోల్డరుకు వెళ్ళండి" అని రాస్తే ప్రత్యయం కమాండు, ఫైలు, ఫోల్డరు అన్న మాటలకు తగులుతుంది, కోడ్ ముక్క ఇరువైపులా ఖాళీతో విడిగా నిలుస్తుంది. మార్కప్ ఏ భాషలోనైనా చెడదు. అంతకంటే ముఖ్యంగా, అది కమాండో ఫైలో ఫోల్డరో పాఠకుడికి చెప్పినట్టవుతుంది. వాక్యం ఒక మాట పెరుగుతుంది, ఆ మాట దండగ కాదు.

కోడ్ బ్లాకులు

పాఠకుడు కాపీ చేసుకునేది ఇక్కడి నుంచే కాబట్టి మిగతా పేజీ అంతటికంటే దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మొదటి నియమం, కమాండునూ దాని జవాబునూ ఒకే బ్లాకులో కలపకూడదు. టెర్మినల్‌లో కనిపించే డాలరు గుర్తును కమాండు ముందు పెట్టడం ఒక అలవాటు, దాన్ని పాఠంలోనే రాస్తే కాపీ చేసినవారికి అది కూడా అంటుకుని వచ్చి ఎర్రర్ అవుతుంది. ఆ గుర్తు కావాలనుకుంటే స్టైల్‌షీట్ ద్వారా ప్రతి కమాండు పంక్తి ముందు చేర్చాలి, అలా చేర్చినది కాపీలోకి రాదు.

రెండవది, సాదా ఉల్లేఖన చిహ్నాలను అందమైన వంపు చిహ్నాలుగానూ, రెండు అడ్డగీతలను ఒక పొడవు గీతగానూ మార్చే సదుపాయం చాలా టూళ్ళలో ఉంటుంది. స్ఫింక్స్‌లో సెట్టింగులు మార్చకపోతే ఇది ఆన్ అయి ఉంటుంది. కోడ్ ట్యాగులో ఉన్నవాటిని అది ముట్టుకోదు, కానీ మామూలు వాక్యంలో మార్కప్ లేకుండా రాసిన ఆప్షన్‌లను మార్చేస్తుంది. నేను రాసిన మొదటి గైడులో ఒక వాక్యం మధ్య రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఆప్షన్‌ను బ్యాక్‌టిక్‌లు లేకుండా రాశాను, పేజీలో అది ఒక పొడవు గీతగా మారింది, దాన్ని కాపీ చేసిన ప్రతి ఒక్కరికీ ఆ ఆప్షన్ లేదన్న జవాబే వచ్చింది. అప్పటి నుంచి టైపు చేయవలసినది ఒక్క అక్షరమైనా సరే కోడ్‌గానే గుర్తిస్తున్నాను.

మూడవది మన లిపికే ప్రత్యేకం. "పైథాన్‌లో" అన్న మాటలో నకారపొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే నకారానికి లకారం ఒత్తుగా మారిపోయి మాట మరోలా కనిపిస్తుంది. వివరణలో ఇది అవసరం, కమాండులోకి మాత్రం పొరపాటున కూడా రాకూడదు, ఎందుకంటే కంటికి కనిపించని ఆ అక్షరం వల్ల ఫైలు పేరు వేరే పేరైపోతుంది. వివరణలో కూడా ఒకే మాటను ఒకచోట దానితో, మరొకచోట అది లేకుండా రాస్తే, పేజీలోపల వెతికేవారికి కొన్ని చోట్ల దొరకకపోవచ్చు. ముఖ్యమైన పదాల జాబితా ఒకటి పెట్టుకుని, ఒక్కో మాటకు ఒకే వర్ణక్రమాన్ని ఖాయం చేసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

కోడ్‌లో తెలుగు వ్యాఖ్యలు రాయడం మంచి అలవాటు. వాటిని పంక్తి చివర కాకుండా కోడ్‌కు పైన, సొంత పంక్తిలో రాయాలి. కోడ్ ఫాంటులో ఇంగ్లిషు అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉంటాయి, తెలుగు అక్షరాలు మాత్రం వేరే ఫాంటు నుంచి వచ్చి తమ తమ వెడల్పుల్లో నిలుస్తాయి, అందుచేత పంక్తి చివర వ్యాఖ్యలను నిలువుగా ఒక వరుసలో పేర్చడం సాధ్యం కాదు. పొడవైన కోడ్ పంక్తిని మడవకుండా ఆ బ్లాకుకు మాత్రమే అడ్డంగా జరిపే వీలు కల్పించాలి, అచ్చు కోసం రాసే స్టైల్‌షీట్‌లో మాత్రం మడవనివ్వాలి, లేకపోతే కాగితం మీద కమాండు సగమే పడుతుంది. టెర్మినల్ తెర ఫోటోను కోడ్‌కు బదులుగా ఎప్పుడూ పెట్టకండి. దాన్ని కాపీ చేయలేరు, వెతకలేరు, స్క్రీన్ రీడర్ చదవలేదు.

దశల జాబితాలో కోడ్ బ్లాకు వచ్చినప్పుడు దాన్ని అంకె తర్వాతి పాఠంతో సమానంగా లోపలికి జరిపి రాయాలి. అలా జరపకపోతే మార్క్‌డౌన్ ఆ జాబితా అక్కడే ముగిసిందని భావిస్తుంది, ఆ తర్వాత వరుస సంఖ్యలను టూలు ఎలా చూపుతుందన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. తెలుగు అంకెలతో జాబితాలు చూపే సదుపాయం స్టైల్‌షీట్లు రాసే సీఎస్ఎస్ భాషలో ఉంది. అయితే నేటి పాఠకులకు 1, 2, 3 అలవాటు కాబట్టి, దశల సంఖ్య చెప్పి సాయం అడిగేవారి సౌకర్యం కోసం వాటినే ఉంచడం మంచిది.

శీర్షికలు, వాటి లింకులు

శీర్షికలో పాఠకుడు చేయదలచిన పని ఉండాలి. "కాన్ఫిగరేషన్" అన్న ఒంటి మాట కంటే "ప్రాక్సీ వెనుక ఇన్‌స్టాల్ చేయడం" అన్నది వెతికేవారికి పనికొస్తుంది. శీర్షికల స్థాయిలు ఒకటి తర్వాత ఒకటిగా దిగాలి, అక్షరాలు చిన్నగా కనిపిస్తాయని రెండవ స్థాయి నుంచి నాలుగవ స్థాయికి దూకకూడదు.

ప్రతి శీర్షికకూ టూలు ఒక లింకు పేరు తయారుచేస్తుంది, తెలుగు శీర్షికలతో ఇది తరచుగా తప్పుదారి పడుతుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ను చదివే డాక్‌యుటిల్స్ ఆ పేరులోకి తెలుగు అక్షరాలను తీసుకోదు, అందువల్ల పూర్తి తెలుగు శీర్షికకు ఒక వరుస సంఖ్యతో పేరు దక్కుతుంది. మధ్యలో కొత్త విభాగం చేరిస్తే సంఖ్యలన్నీ జరిగి, ఇతరులు దాచుకున్న లింకులు వేరే చోటికి తీసుకెళతాయి. తెలుగు అక్షరాలను నిలుపుకునే టూళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది. అక్షరాలను కంప్యూటర్‌లో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ (అక్షరం, గుణింతపు గుర్తు, సున్నా ఒక్కోటి ఒక్కో సంకేతం) 3 బైట్లు పడతాయి, చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా విస్తరిస్తుంది. "కమాండు" అన్న చిన్న మాటలో 6 సంకేతాలు ఉన్నాయి కాబట్టి, దాన్ని కాపీ చేసి సందేశంలో అతికిస్తే 54 అక్షరాల చిక్కుముడి అవుతుంది. అందువల్ల శీర్షిక తెలుగులో ఉంచి, దాని లింకు పేరును మాత్రం చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో మీరే ఇవ్వండి, ఒకసారి ఇచ్చాక మార్చకండి. పేజీ పైభాగంలో కదలకుండా నిలిచే పట్టీ ఉంటే, శీర్షికలకు స్క్రోల్ మార్జిన్ టాప్ విలువ ఇవ్వాలి, లేకపోతే లింకు మీదుగా వచ్చినవారికి శీర్షిక ఆ పట్టీ చాటున దాగిపోతుంది.

అక్షరం, పంక్తి

చాలా లాటిన్ థీముల్లో పంక్తుల ఎత్తు అక్షరం పరిమాణానికి 1.2 నుంచి 1.5 రెట్ల దాకా ఉంటుంది. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు ఉంటాయి, కాబట్టి వివరణకు 1.7, శీర్షికలకు 1.4 కంటే తగ్గించకూడదని నా అభిప్రాయం. కొన్ని థీములు శీర్షికల ఎత్తును 1.1 దగ్గర బిగించి పెడతాయి, రెండు పంక్తుల తెలుగు శీర్షిక రాసి చూస్తే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకడం కనిపిస్తుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగుకు నప్పదు, దాన్ని సున్నా చేయాలి. వాలు అక్షరాలు మన అచ్చు సంప్రదాయంలో లేవు. తెలుగు ఫాంటులో వాలు రూపం లేనప్పుడు బ్రౌజర్ నిటారు అక్షరాన్నే బలవంతంగా వంచి చూపిస్తుంది. మాటను ఒత్తి చెప్పడానికి వాడే ఈఎమ్ ట్యాగును మానేయనవసరం లేదు, స్టైల్‌షీట్‌లో దాని వాలును తీసేసి కాస్త బొద్దుతనం ఇస్తే చాలు.

లింకుల కింది గీత ఒత్తుల మీదుగా పోతే, బ్రౌజర్ గీతను ముక్కలు చేస్తుంది, చూడటానికి కుట్లు ఊడినట్టుంటుంది. టెక్స్ట్ అండర్‌లైన్ ఆఫ్‌సెట్ అనే లక్షణంతో గీతను కాస్త కిందికి దింపండి, గీతను పూర్తిగా తీసేయకండి. రంగు ఒక్కదాని మీదే ఆధారపడితే రంగులు గుర్తించలేనివారికి లింకు కనిపించదు.

ఫాంటుల వరుసలో ఇంగ్లిషు ఫాంటును ముందు, తెలుగు ఫాంటును తర్వాత పెట్టాలి. తెలుగు ఫాంటుల్లో చాలావాటిలో ఇంగ్లిషు అక్షరాలు కూడా ఉంటాయి, తెలుగు ఫాంటును ముందు పెడితే ఇంగ్లిషు మాటలు కూడా వాటిలోనే పడి కోడ్ అక్షరాలతో పొసగవు. నోటో సాన్స్ తెలుగు, మండలి రెండూ స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, పొడవైన పాఠానికి రెండూ నప్పుతాయి. ఒకే పరిమాణంలో తెలుగు అక్షరం ఇంగ్లిషు కంటే చిన్నగానో పెద్దగానో కనిపిస్తే, ఫాంటు ప్రకటనలో సైజ్ అడ్జస్ట్ శాతంతో సరిచేయవచ్చు. పంక్తి వెడల్పును సీహెచ్ కొలతలో ఇవ్వడం ఇంగ్లిషు థీముల అలవాటు. అది ఇంగ్లిషు ఫాంటులోని సున్నా అంకె వెడల్పు కాబట్టి తెలుగుకు సరైన అంచనా ఇవ్వదు. పంక్తికి ఎనిమిది నుంచి పది తెలుగు మాటలు పట్టేలా కంటితో చూసి, అక్షరం పరిమాణాన్ని బట్టి మారే ఎమ్ కొలతలో నిర్ణయించండి. తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి రెండు అంచులూ సమంగా సర్దితే మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ అంచుకు సర్ది, కుడి అంచును వదిలేయడమే మేలు.

రంగులు, హెచ్చరికలు, పట్టికలు

వెబ్ సౌలభ్యానికి, వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రకటించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు మామూలు పాఠానికి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 వర్ణభేదం (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) ఉండాలంటాయి. తెల్లటి నేపథ్యం మీద 777777 సంకేతపు బూడిదరంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, 767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. కోడ్‌కు రంగులద్దే థీములు వ్యాఖ్యలను ఇంతకంటే లేత రంగులో చూపడం మామూలే. కోడ్ బ్లాకులో తెలుగు వివరణ ఉండేది ఆ వ్యాఖ్యల్లోనే కాబట్టి వాటి రంగును తప్పక ముదురు చేయాలి. ముదురు నేపథ్యపు రూపాన్ని కూడా ఇస్తుంటే ఆ రంగులను విడిగా కొలవాలి.

హెచ్చరిక పెట్టె మీద "హెచ్చరిక" అన్న మాట ఉండాలి, ఎరుపు రంగు ఒక్కటే చాలదు. డేటా చెరిగిపోయే కమాండు గురించిన హెచ్చరిక ఆ కమాండుకు పైన ఉండాలి, కింద ఉంటే చదివేలోపు నష్టం జరిగిపోతుంది. పేజీకి రెండు మూడు పెట్టెలు దాటితే పాఠకుడు వాటిని చూడటం మానేస్తాడు.

ఆప్షన్‌ల వివరాలకు పట్టిక కంటే డీఎల్ ట్యాగుతో రాసే నిర్వచన జాబితా నయం. ఫోన్ తెర మీద ఇరుకు గడిలో పొడవైన తెలుగు మాటలు ఇమడవు. పోల్చి చూడవలసిన సమాచారం ఉంటేనే పట్టిక వాడి, శీర్షిక గడులను టీహెచ్ ట్యాగుతో గుర్తించి, పట్టికకు మాత్రమే అడ్డంగా జరిపే వీలు ఇవ్వండి.

ప్రచురించే ముందు పరీక్ష

డెస్క్‌టాప్ బ్రౌజర్‌లో బాగుందని ఆగిపోకండి. తెలుగు అక్షరాలను కూర్చే పని ఒక్కో వ్యవస్థలో ఒక్కో విధంగా జరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక తెలుగు అక్షర సముదాయం ఐఫోన్‌లలో యాప్‌లను ఆపేసిన ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, ఐఫోన్ ఒకటి, విండోస్ కంప్యూటర్ ఒకటి దగ్గర పెట్టుకుని, "స్క్రిప్ట్", "ప్రత్యామ్నాయం", "పైథాన్‌లో" వంటి మాటలున్న ఒక పరీక్ష పేజీని మూడింటిలోనూ తెరవండి. కిటికీ వెడల్పును 320 పిక్సెళ్ళకు తగ్గించి, కోడ్ బ్లాకులూ పట్టికలూ తప్ప మరేదీ అడ్డంగా జరగవలసిన అవసరం రాకుండా చూడండి. ఆ తర్వాత గైడులోని ప్రతి కమాండునూ మూలం నుంచి కాకుండా పేజీ నుంచే కాపీ చేసి, ఆ టూలు ఇంకా ఎక్కించని కంప్యూటర్‌లో మొదటి దశ నుంచి చివరి దశ దాకా వరుసగా నడపండి. ఎక్కడ ఆగిందో అక్కడ మార్కప్‌ను సరిచేసి, పేజీని మళ్ళీ తయారుచేసి, మొదటి దశ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.